స్కేలు పెట్టి చింపిన చొక్కాలు

మా అమ్మమ్మకు దేన్నీ ఉన్నదున్నట్టు వదిలే గుణం లేదు. ఇంటికి వచ్చినవాళ్ళు కోటు విప్పి కుర్చీకి తగిలించి టీ తాగుతుంటే, కప్పు ఖాళీ అయ్యేలోపు ఆ కోటుకు వేలాడుతున్న గుండీ బిగుసుకునేది. అంతవరకే అయితే ఎవరూ ఏమీ అనరు. గుండీ పక్కన చిన్న చీమ కూడా కుట్టి ఉండేది. చీమ కావాలని ఎవరూ అడగలేదు.

"గుండీ ఒక్కటే ఉంటే దానికి తోచదు కదా" అనేది.

ఆమె పోయి మూడేళ్ళయింది. తొంభై దగ్గర పడేదాకా బతికింది. పోయినప్పుడు వచ్చినవాళ్ళు ఆమె మంచితనం గురించి చాలాసేపు మాట్లాడారు. మాట్లాడినవాళ్ళలో సగం మంది మోచేతుల మీద ఆమె కుట్టిన చేపలో తాబేళ్ళో ఉన్నాయి. మంచితనం గురించి వాళ్ళకంటే ఎక్కువ నాకు తెలియదు. మంచివాళ్ళతో ఒకే ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో మాత్రం కొంత చెప్పగలను.

చిన్నప్పుడే ఒక దర్జీ కొట్లో కాజాలు కుట్టే పనికి చేరింది. పక్క కొట్టులో పుస్తకాలు బైండు చేసేవారు. అక్కడ పనిచేసే కుర్రాడు దారం అయిపోయిందంటూ దర్జీ కొట్టుకు వచ్చేవాడు. రోజూ దారం ఎలా అయిపోతుందని ఆ వీధిలో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. ఆ కుర్రాడే మా తాతయ్య.

పెళ్ళయ్యాక ఒక ఇల్లు తీసుకున్నారు. వీధివైపు గదిలో ఆమె కుట్టుమిషను. వెనక గదిలో ఆయన బల్ల. మధ్య గదిలో మిగతా సంసారం. అమ్మ ఆ మధ్య గదిలోనే పుట్టింది, తర్వాత అక్కా నేనూ అక్కడే పెరిగాం.

తాతయ్య నిటారు మనిషి. కాగితం అంచు వెంట్రుక వాసి పక్కకు జరిగితే ఆ పూట ఆయనకు భోజనం సయించేది కాదు. దుప్పటి మడతపెట్టమంటే మూలలు కలిసేదాకా ఎదుటివాళ్ళను కదలనిచ్చేవాడు కాదు. అమ్మమ్మ జన్మలో స్కేలు పట్టుకోలేదు. కంటితో చూసి కత్తిరించేది. ఇద్దరూ అరవై ఏళ్ళకు పైగా ఎలా కాపురం చేశారని అమ్మను అడిగితే, "మధ్యలో ఒక గది ఉంది కదా" అంది.

అమ్మమ్మ పని అతుకులు వేయడం. వీధిలో పిల్లలు ఆమెను అతుకుల అమ్మమ్మ అనేవారు. చిరిగిన బట్టను మిషను మీద పరిచేది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసేది. తల ఒక పక్కకు వాల్చి, చిరుగు ఎటు పోయింది, దారాలు ఎటు వేలాడుతున్నాయి, చూసేది. అది దేనిలా ఉందో తేలితే గాని కత్తెర పట్టేది కాదు. పొడుగ్గా చిరిగితే చేప. మేకుకు పట్టుకుని మూలగా చిరిగితే పడవ. రాపిడికి అరిగి గుండ్రంగా పోతే తాబేలు. రంగు కలిసే గుడ్డ వేయమని ఎవరైనా అంటే వినబడనట్టు మిషను తొక్కేది. మీకేం కావాలి అని అడిగే అలవాటు ఆమెకు లేదు.

ఒకసారి లెక్కల మాస్టారి ప్యాంటు వెనకభాగం అరిగిపోయింది. ఆయన ఎవరితోనూ నవ్వే మనిషి కాదు. ప్యాంటు తీసుకోవడానికి వచ్చి, తిప్పి చూసుకుని, నిలబడిపోయాడు.

"ఏంటమ్మా ఇది? నత్తా?"

"నత్తేనండీ."

"నేను మాస్టార్నమ్మా. పిల్లలకు వీపు తిప్పి బోర్డు మీద రాస్తాను."

"పైన కోటుందిగా. మీరు విప్పనంతకాలం ఆ సంగతి మీకూ నాకూ నత్తకూ తప్ప తెలియదు."

ఆయన ప్యాంటు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు ఇంకో ప్యాంటు తెచ్చాడు. చిరగలేదు. కాలి దగ్గర మడత ఊడిందంతే. పని అయ్యాక దాన్ని వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు.

"దీనికేం లేదా?" అన్నాడు.

చిరిగిన బట్టలతో వచ్చేవాళ్ళు చిరుగు మీద చెయ్యి పెట్టుకుని వచ్చేవారు. పోయేటప్పుడు ఆ చెయ్యి ఊపుకుంటూ పోయేవారు. అమ్మమ్మ అది చూడటానికి గుమ్మం దాకా వెళ్ళేది. అమ్మ పనిచేసే ఆసుపత్రిలో గదులు తుడిచే ఆవిడకు ఒక్కటే కోటు. మోచేతుల దగ్గర పూర్తిగా పోయింది. అయినా విప్పి ఇవ్వదు. లోపలి బట్ట అంతకంటే పాతదని అమ్మమ్మకు అర్థమైంది.

"చలిగా ఉంది, కోటు తీయకు తల్లీ. అలాగే కూర్చో" అని ఒంటి మీద ఉండగానే అతుకు వేసింది. వేస్తూ వేస్తూ తన జాకెట్టు చేతిని కూడా కలిపి కుట్టేసింది. పని అయిందని ఇద్దరూ లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. విప్పడానికి ఎవరూ తొందరపడలేదు. నేను టీ పెట్టి ఇచ్చాను. ఒకరు కప్పు ఎత్తితే రెండోవారి చెయ్యి కూడా లేచేది.

అతుకులకు కావలసిన గుడ్డ ఎక్కడిదని అడగకూడదు. మా ఇంట్లో ఏ కర్టెనూ నేలను తాకేది కాదు. చుట్టాలు వెళ్ళేటప్పుడు జేబురుమాళ్ళు లెక్కచూసుకునేవారు.

ఆమెకు ఎనభై దాటాక చిరుగులు రావడం తగ్గింది. ముందు వారానికి రెండు మూడు వచ్చేవి. తర్వాత ఒకటి. తర్వాత అదీ లేదు. ఆ సంగతి మొదట చెప్పింది ఎదురింటి ఇస్త్రీ అతను.

"ఇప్పుడెవరండీ మామ్మగారూ అతుకులేయించుకునేది? చిరిగితే పారేస్తున్నారు. కొంతమంది చిరగకుండానే పారేస్తున్నారు."

"చిరగకుండా పారేస్తే దాన్నేమంటారు నాయనా?"

"ఫ్యాషనంటారండీ."

అమ్మమ్మ ఇంటి మీద పడింది. దిండ్లకు జేబులు వచ్చాయి. "దిండుకు జేబెందుకమ్మా?" అంటే, "పడుకున్నప్పుడు కళ్ళజోడు ఎక్కడ పెడతావు?" అంది. మంచినీళ్ళ సీసాకు పొడుగు చేతుల చొక్కా వచ్చింది. సీసాకు చేతులు లేవని అక్క గుర్తు చేస్తే, "మనకు కనిపించట్లేదేమో" అంది. నాన్న తన చొక్కాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

కొన్నాళ్ళకు అది కూడా మానేసింది. మిషను మీద గుడ్డ కప్పింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది. ఒళ్ళో చేతులు వాటంతటవి కదులుతుండేవి, బొటనవేలు చూపుడువేలిని రాస్తూ. భోజనానికి పిలిస్తే, "ఏం పని చేశానని ఆకలేస్తుంది?" అనేది. రెండు ముద్దలు తిని లేచేది.

అప్పుడు అందరికీ భయం పట్టుకుంది. అమ్మ వెనక గదిలోకి వెళ్ళి తాతయ్యతో చెప్పింది.

"నాన్నా, అమ్మ సగం అయిపోయింది. నిన్న నేను కొత్త జాకెట్టు వేసుకొచ్చానా, ఆ కాలరు ఎవడు కుట్టాడే అని తిట్టను కూడా తిట్టలేదు."

తాతయ్య పేపరు చదువుతున్నాడు. ఆయన బల్లకూ పని లేక చాలాకాలమైంది. పుస్తకాలు బైండు చేయించుకునేవాళ్ళు ఎప్పుడో పోయారు. కత్తీ, దబ్బనమూ గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆయన పొద్దున్న పేపరు చదివి, మధ్యాహ్నం అదే పేపరు అంచులు కలిపి మడిచేవాడు.

"చూద్దాంలే" అన్నాడు. మడత సరిగ్గా వచ్చిందా లేదా చూసుకున్నాడు.

రెండు రోజుల తర్వాత చేతిలో ఒక చొక్కాతో వీధి గదిలోకి వచ్చాడు.

"ఏమే, ఇది చూడు. గేటుకు పట్టుకుంది."

అమ్మమ్మ మిషను మీది గుడ్డ తీసింది. చొక్కా పరిచింది. కళ్ళజోడు పైకి తోసింది. తల అటు వాల్చింది, ఇటు వాల్చింది. చాలాసేపు చూసింది.

"గేటుకా?"

"ఆఁ."

"మన గేటుకేనా అండీ?"

"మన గేటే. ఇంకెవరి గేటు దగ్గరికి పోతాను ఈ వయసులో?"

"సరే" అంది.

సాయంత్రానికి చొక్కా వీపు మీద ఒక కిటికీ వచ్చింది. రెండు రెక్కలు. ఒకటి ఓరగా తెరిచి ఉంది. ఆ పూట అమ్మమ్మ అడిగి మరీ వడ్డించుకుంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఆ తర్వాత తాతయ్య బట్టలకు గ్రహచారం మొదలైంది. గేటు, కుర్చీ, సైకిలు హ్యాండిలు, మెట్ల దగ్గర మేకు. ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒకటి ఆయనను పట్టుకునేది. అమ్మమ్మ వచ్చినవి వచ్చినట్టు కుట్టేది. అయితే చేపలు లేవు. తాబేళ్ళు లేవు. అన్నీ తలుపులు, పెట్టెలు, నిచ్చెనలు. తాతయ్య అలా వీధిలోకి వెళితే చిన్న ఊరొకటి లేచి నడుస్తున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం వెనక గదిలోంచి ఈల వినిపించింది. తాతయ్య ఈల వేయడం నేను ఎప్పుడూ వినలేదు. వెళ్ళి చూశాను. బల్ల మీద చొక్కా పరిచి ఉంది. కింద అట్ట. పైన స్టీలు స్కేలు. ఆయన ఒక కన్ను మూసి పెన్సిలుతో గీత గీస్తున్నాడు. కత్తికి పదును పెట్టి పక్కన ఉంచుకున్నాడు.

"తాతయ్యా! చిరుగుకు కొలతలెందుకు?"

"మెల్లిగా అఘోరించు. వినబడుతుంది."

"గేటుకు తగిలితే ఇంత తిన్నగా చిరుగుతుందా?"

"వంకరగా చింపమంటావా? మంచి గుడ్డ అది. ఎక్కడపడితే అక్కడ చింపడానికి నేనేమన్నా కోతినా?"

"చేత్తో పట్టుకుని లాగితే సరిపోతుంది కదా."

ఆయన చొక్కాను రెండు చేతులా పట్టుకున్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. లాగలేకపోయాడు. జన్మంతా అంచులు సరిచేసిన చేతులు. మళ్ళీ బల్ల మీద పరిచి, స్కేలు జరిపాడు.

"మీ అమ్మమ్మకు చూపు మందగించిందిలే. ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాడు.

నేను అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వలేదు. బీరువాలోంచి తన పాత దిండు గలీబులు తీసి తండ్రికి ఇచ్చింది. అక్క తన ఇంటి నుంచి రెండు గౌనులు పంపింది. నాన్న మాత్రం తాళంచెవి జేబులో వేసుకుని తిరిగాడు. ఇంట్లో బట్టలు ఇలా ఒక్కొక్కటీ వెనక గదిలోకి నిక్షేపంగా వెళ్ళి, చిరిగి బయటికొచ్చి, వీధి గదిలోంచి తలుపులతో కిటికీలతో తిరిగి వచ్చేవి. అమ్మమ్మ ముఖంలో కళ వచ్చింది. తిట్లు కూడా వచ్చాయి. అది ఇంకా మంచి గుర్తు.

చివరికి చింపడానికి పాత బట్టలు అయిపోయాయి. ఆ రోజు అమ్మ ఆసుపత్రికి వేసుకెళ్ళే కోటు ఇస్త్రీ చేయించి, వెనక గదిలో కుర్చీ మీద వేసి స్నానానికి వెళ్ళింది. తలుపు తీసుకుని వచ్చేసరికి కోటు బల్ల మీద ఉంది. వీపు మధ్యలో తిన్నగా ఒక గీత. అద్దం కోసినట్టు తెగింది.

"నాన్నా!" అని అమ్మ వేసిన కేకకు ఇస్త్రీ అతను కూడా ఎదురింట్లోంచి తొంగిచూశాడు. "డ్యూటీకి ఏం వేసుకుని వెళ్ళాలి? ఇంట్లో ఇన్ని బట్టలుంటే నీకు ఇదే దొరికిందా చింపడానికి?"

తాతయ్య స్కేలును బల్ల కింద దాచాడు. అమ్మ కోటు పట్టుకుని వీధి గదిలోకి వచ్చి, అమ్మమ్మను చూసి, టక్కున ఆగింది. అన్న మాట వెనక్కి రాదు. చింపడం అన్న ముక్క అప్పటికే గది మధ్యలో పడి ఉంది.

అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"ఇలా తేవే. డ్యూటీ వేళకు ఇచ్చేస్తాను. తెల్లకోటు కదా, తెల్ల కిటికీ వేస్తాను. ఎవరికీ కనబడదు."

"అమ్మా... నీకు తెలుసా?"

"మొదటి చొక్కాకే తెలుసు. ఏ గేటు అయినా మూలమట్టం పెట్టి చింపుతుందటే?"

తాతయ్య గుమ్మంలో నిలబడ్డాడు. మెడ దగ్గర గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తెలిసి కూడా ఎందుకు కుట్టావే?"

"మీకు పనుండాలి కదండీ."

"నాకా?"

"మీరు బల్ల ముందు కూర్చుని ఎన్నాళ్ళయింది? ఆ పేపరు మడిచీ మడిచీ చిరిగిపోతోంది. చొక్కా చింపిన రోజున ఈల వేసుకుంటూ బయటికొచ్చారు. పోనీలే పాపం, మనిషికి కాలక్షేపం దొరికింది, నాలుగు చొక్కాలు పోతే పోనీ అనుకున్నాను."

"నేను నీకోసం చింపానే!"

"నాకోసమా? నాకేం వచ్చింది?"

"కిటికీ దగ్గర బొమ్మలా కూర్చున్నావు కదా!"

"మీరు పేపరు ముందు శిలలా కూర్చోలేదూ?"

అమ్మ ఒకసారి తల్లిని, ఒకసారి తండ్రిని చూసింది. "బాగుంది. మీ ఇద్దరి దయాదాక్షిణ్యాలకు మధ్యలో నా కోటు పోయింది" అని, అక్కడే కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగక డ్యూటీకి ఆలస్యమైంది. ఆ రోజు అమ్మ వెళ్ళేటప్పుడు వెనక నుంచి చూశాను. తెల్లకోటు మీద తెల్ల కిటికీ. మూసే ఉంది. అమ్మమ్మ మాట నిలబెట్టుకుందని అనుకున్నాను. గడియ మాత్రం ఎర్రదారంతో కుట్టింది.

నవ్వులు అయ్యాక ఇల్లు చల్లబడిపోయింది. తెలిసిపోయాక చింపితే నాటకమవుతుంది. తాతయ్య కత్తిని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. అమ్మమ్మ మిషను మీద గుడ్డ కప్పలేదు గాని, తొక్కనూ లేదు. ఇద్దరూ మధ్య గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి మీద ఒకరికి జాలి. ఏం చేయాలో తెలియదు. భోజనాల దగ్గర ఇద్దరి ముద్దలూ చిన్నవయ్యాయి. మేం మళ్ళీ మొదటికి వచ్చామనుకున్నాం.

అలా వారం గడిచింది. ఒక పొద్దున్న అమ్మమ్మ పాత దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. ఆ గదిలోకి ఆమె వెళ్ళడం అరుదు. దుప్పటిని బల్ల మీద పడేసింది.

"మీకు తిన్నగా కొయ్యడం తప్ప ఇంకేం రాదు కదా. కొయ్యండి."

"ఏం కొయ్యను?"

"పేజీలు."

అక్కకు కూతురు పుట్టి ఎనిమిది నెలలయింది. దానికోసం గుడ్డ పుస్తకం. పేజీకొక అతుకు. తాతయ్య కోసినవాటి మీద అమ్మమ్మ చేపను, తాబేలును, నత్తను కుట్టింది. కుట్టడానికి చిరుగు అక్కర్లేదా అని అడిగాను. "నిన్నెవరు అడిగారు?" అంది. చిరుగు లేకుండా అతుకు వేయడం ఆమెకు కొత్త. దేనిలా ఉందో చూడటానికి ఏమీ లేదు. ఖాళీ గుడ్డ ముందు తల అటూ ఇటూ వాల్చి, విసుక్కుంటూ కత్తిరించేది.

బైండింగు దగ్గర పెద్ద గొడవ అయింది.

"మొదటి పేజీ ఏదే?"

"ఏదైనా పెట్టండి."

"ఏదైనా ఏంటి? పుస్తకానికి ఒక మొదలుండాలి."

"దానికి ఇంకా నిలబడటమే రాదు. మొదలూ చివరా దానికెందుకండీ?"

"చేప తర్వాత నత్త రావడం ఏం పద్ధతి? నీళ్ళవన్నీ ఒక దగ్గరుండాలి."

"వాటిని అడిగి రండి."

మధ్య గదిలో ఉండలేక నేను బయటికి వచ్చేశాను. ఇస్త్రీ అతను అడిగాడు, ఏమైందండీ, పెద్దవాళ్ళు పోట్లాడుకుంటున్నారు అని. పుస్తకం వేస్తున్నారని చెప్పాను.

అక్క పాపను తీసుకుని వచ్చిన రోజున పుస్తకం సిద్ధంగా ఉంది. తాతయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని, అంచులు ఒకసారి సరిచూసుకుని, నేల మీద పాప ముందు పెట్టాడు. ఎలా తెరవాలో చూపించాడు. పాప ఆయన వేలిని చూసింది. పుస్తకాన్ని చూసింది. ఎత్తి నోట్లో పెట్టుకుంది. చేప తలను బాగా నమిలింది. దానికి అప్పటికి రెండే పళ్ళు. రెండూ చేపలోకి దిగాయి. తర్వాత రెండు చేతులతో పేజీని పట్టుకుని లాగింది.

పాత దుప్పటి. చర్రుమని చిరిగింది.

"అయ్యో, చూడు నిన్ను!" అని అక్క పాప చేతులు పట్టుకోబోయింది.

"వదిలెయ్యవే దాన్ని" అంది అమ్మమ్మ. కుర్చీలోంచి దిగి, మోకాళ్ళ నొప్పుల సంగతి మరిచిపోయి, నేల మీద కూర్చుంది. పాప నోట్లోంచి పేజీ తీసుకుంది. తడిగా ఉంది. ఒళ్ళో పరిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. చిరుగు చేప మెడ దగ్గర మొదలై, తోక దాటి, అంచు దాకా వంకరటింకరగా పోయింది. దారాలన్నీ తలోదిక్కున లేచి ఉన్నాయి.

"చూశారా? చింపడమంటే ఇదీ" అంది తాతయ్యతో.

ఆయన వంగి చూశాడు. నొచ్చుకున్నాడు. కాసేపు ఆగి మళ్ళీ చూశాడు.

"దేనిలా ఉంది చెప్పండి?"

ఆమె ఆ ప్రశ్న ఎవరినైనా అడగడం మేం ఎప్పుడూ వినలేదు. తాతయ్య గొంతు సవరించుకున్నాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు.

"బాతు" అన్నాడు.

"బాతుకు మెడ అంత లావుంటుందా? అది కూజా."

"కూజాకు తోక ఎక్కడిదే?"

"అది పిడి అండీ. సరిగ్గా చూడండి."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. అది బాతే."

వాళ్ళిద్దరూ పేజీని చెరో పక్క పట్టుకుని వాదించుకుంటూ ఉండగా, పాప రెండో పేజీ అందుకుంది.